ఎదురుచూడని మొక్క

మా ఆయనకు ముక్కు ఉన్నది కళ్ళజోడు నిలబెట్టుకోవడానికే. కోపంలో అంటున్న మాట కాదిది, ఇరవై రెండేళ్ళ పరిశీలన. ఈ కాలంలో ఆయన కూర్చున్న గది పక్కనే మూడుసార్లు పప్పు మాడింది, ఒకసారి గ్యాసు లీకయింది, ఒకసారి బీరువా వెనక ఎలక చచ్చి వారం రోజులు పడి ఉంది. ఒక్కదానికీ ఆయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎలకను నేను వెతికి తీసి పారేసి వచ్చాక, "ఏమిటి, ఇల్లు సర్దుతున్నావా?" అని అడిగారు. ఇటువంటి మనిషి చేసే ఉద్యోగం మొక్కల పరిమళాల మీద పరిశోధన.

ఆయన పేరు డాక్టర్ గవర్రాజు. చింతపల్లి దాటాక కొండమీద, ముళ్ళకంచె, కెమెరాలు, కాపలా వాళ్ళ మధ్య ఉన్న ఔషధ మొక్కల కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్త. కేంద్రం వెనకాలే మా క్వార్టర్సు. అక్కడ పెరిగే ఔషధ మొక్క ఒక్కటే, గంజాయి. ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చి, ప్రతి సోమవారం ఎక్సైజు ఇన్‌స్పెక్టరు జగ్గునాయుడు గారిని పంపించి, మొక్కలు లెక్కపెట్టించుకుంటుంది. బంధువులకు మేము "మందు మొక్కలు" అని చెబుతాం. మా అత్తయ్య సన్యాసమ్మ గారు మాత్రం ఫోనులో ఎవరడిగినా, "మావోడు గంజాయి పెంచుతున్నాడమ్మా, గవర్నమెంటే పెంచమంది" అని ఉన్న మాట చెప్పేస్తారు.

మామూలు గంజాయి మొక్క పగటి పొద్దు కురచయ్యేదాకా ఆగి, అప్పుడు పూస్తుంది. చలిదేశాల్లో మోకాలెత్తు పెరిగే ఒక రకం ఉంది. అక్కడ ఎండాకాలం రెండు నెలలు కూడా నిలవదు కాబట్టి అది పొద్దు వంక చూడదు. తన వయసు తాను లెక్కపెట్టుకుని పూసేస్తుంది. మా ఆయన దాన్ని ఈ కొండల రకంతో కలిపారు. ఒక గదిలో రోజుకు ఇరవై గంటలు దీపాలు, ఇంకో గదిలో పది గంటలు. రెండు గదుల్లోనూ ఆ పిల్ల మొక్కలు సరిగ్గా ఇరవై నాలుగో రోజున పూశాయి. ఆ రోజు ఆయన అన్నం తినడం మరిచిపోయారు. అందుకే క్యారియరు పట్టుకుని నేను వెళ్ళాల్సివచ్చింది.

గాజు షెడ్డులో నలభై కుండీలు వరసగా ఉన్నాయి. కుండీల మధ్య నడుస్తూ ఒకచోట ఆగిపోయాను.

"ఇది వేరే మొక్క," అన్నాను.

మా ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ముప్పై ఒకటా? దాని పక్కనున్న ముప్పైకి తోబుట్టువే. వాసనల యంత్రంలో రెండింటి గీతా ఒక్కటే."

"యంత్రం సంగతి నాకు తెలియదు. ముప్పైలో పచ్చి మామిడి జీడి వాసన, నిమ్మతొక్క, కొంచెం దంచిన మిరియం. ముప్పై ఒకటిలో ఈ మూడూ ఉన్నాయి. వాటి వెనకాల ఇంకోటుంది."

"ఇంకోటంటే?"

మళ్ళీ వంగి వాసన చూశాను. "వాన ఆగిపోయాక రేకుల మీద చప్పుడు ఆగుతుందే, అలా ఉంటుంది."

"అది వాసన కాదు, హైమా."

ప్రయోగశాలలో సహాయకురాలు పాంగి చిలకమ్మ ఈ కొండల పిల్లే. డిగ్రీ చదివింది. మాటల్లో నా వైపూ చేతల్లో సారు వైపూ ఉండే మనిషి. "తువ్వాలు కట్టి చూద్దాం సార్," అంది. నా కళ్ళకు తువ్వాలు కట్టి, కుండీలు అటూ ఇటూ మార్చి, పదిసార్లు నా ముక్కు ముందు పెట్టింది. పదిసార్లూ ముప్పై ఒకటిని పట్టేశాను. పదకొండోసారి క్యారియరులో గిన్నె పెట్టింది. అది వంకాయని చెప్పాను.

మా ఆయన ముఖం చూడాల్సింది. ఆయన మళ్ళీ యంత్రం దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ అదే గీత.

"ఆ యంత్రం ఆకును ఏం చేస్తుందండీ?" అని అడిగాను.

"ఆవిరి చేస్తుంది. రెండు వందల యాభై డిగ్రీల దగ్గర."

"కొత్తిమీర కట్ట తీసుకెళ్ళి మరిగే నూనెలో వేసి, ఇందులో వాసన లేదంటే ఎలా?"

 ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. మర్నాటి నుంచి పువ్వును వేడి చేయకుండా, గాలిని చల్లగా పీల్చి పరీక్షించే ఏర్పాటు మొదలైంది. మూడు వారాల తరవాత యంత్రం గీతలో ఒక కొత్త ముల్లు లేచింది. ఏ పుస్తకంలోనూ లేని పదార్థం, వేడి తగిలితే విరిగిపోతుంది. బి.ఎస్సీ. పట్టాను పట్టుచీరలతో పాటు ఏడాదికోసారి ఎండకు పెట్టుకునే నాకు ఆ వారమంతా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ పదార్థం చేసే పని ఇంకా విచిత్రంగా ఉంది. ముప్పై ఒకటి పక్కన, ఇరవై గంటల దీపాల కింద, ఎన్ని నెలలైనా పూయకూడని మామూలు మొక్కలు రెండు వారాల్లో పూశాయి. "తన గడియారాన్ని గాలిలో పంచుతోంది," అన్నారు మా ఆయన. "ఇక పొద్దు కోసం కాచుకోవద్దని పక్కవాళ్ళకు చెబుతోంది."

మనుషులకు ఏం చెబుతోందో ముందుగా కనిపెట్టింది చిలకమ్మ.

"ఆ గదిలో పనిచేసిన రోజు నాకు తలనొప్పి రావట్లేదక్కా," అంది ఒకరోజు మా వంటింట్లో టీ తాగుతూ. "ఇంకో సంగతి. సాయంత్రం బస్సు కోసం నిలబడతాను కదా, ఎప్పుడొస్తుందా అని చూడట్లేదు. అది వచ్చి ముందు ఆగాక, ఓహో, బస్సు, అనుకుంటున్నాను."

ఈ రెండూ మా ఆయనకు చెప్పాను. తలనొప్పి సంగతి పుస్తకంలో రాసుకున్నారు. బస్సు సంగతికి నవ్వారు.

తలనొప్పి దగ్గర ఆయన కలం ఆగడానికి కారణం ఇంట్లోనే ఉంది. మూడేళ్ళ కిందట మా అత్తయ్యకు సర్పి వచ్చింది. పొక్కులు నెలలో మానాయి గానీ నొప్పి మానలేదు. కుడివైపు పక్కటెముకల కింద కరెంటు కొట్టినట్టు కొట్టేది. రవికె అంచు తగిలినా ఓర్చుకోలేరు. కొట్టని సమయంలో కూడా మంచం కోడు పట్టుకుని, పళ్ళు బిగించి, వచ్చేదాని కోసం కాచుకుని కూర్చునేవారు. విశాఖలో ఉన్న మందులన్నీ అయిపోయాయి.

"ఇటువంటి నొప్పిలో సగమే నొప్పి," అన్నారు మా ఆయన, వాళ్ళమ్మ వీపు కింద దిండు సర్దుతూ. "మిగతా సగం అది వస్తుందేమోనని మెదడు కాసే కాపలా. ఆ కాపలావాణ్ణి ఈ వాసన కూర్చోబెడుతోందని నా అనుమానం."

తొమ్మిది మందితో పరీక్షకు అనుమతి వచ్చింది. కన్నతల్లిని తీసుకోకూడదని కమిటీ గొణిగి, చివరికి విశాఖ నుంచి వచ్చే డాక్టరమ్మే పత్రాలన్నీ చూసేటట్టు ఒప్పుకుంది. మా అత్తయ్య నాలుగో నంబరు. పొగ లేదు, మింగేది లేదు. చిన్న స్టీలు పెట్టెలో బఠాణీ గింజంత పువ్వు ముక్క. పొద్దున్న పావుగంట, సాయంత్రం పావుగంట మూత తీసి వాసన చూడాలి. మూడు రోజులకోసారి చిలకమ్మ పాత ముక్క తూకం వేసి తీసుకెళ్ళి కొత్తది ఇస్తుంది. వారానికి రెండుసార్లు పత్రంలో నొప్పి ఎంతో సున్నా నుంచి పది లోపల చెప్పాలి.

మొదటి పత్రంలో తొమ్మిది. రెండో పత్రంలో మూడు. మూడో పత్రంలో ఒకటి.

ఆ రోజు అత్తయ్య కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. మూడేళ్ళలో మొదటిసారి. మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, కళ్ళజోడు తుడుచుకోవడానికి పెరట్లోకి వెళ్ళారు.

నేనూ సంతోషించాను. నిజం చెప్పాలంటే నా సంతోషానికి ఇంకో పక్క కూడా ఉంది. మా అత్తయ్య ఒక పూట చెయ్యి కడుక్కుంటూ ఇంకో పూట కూరేమిటని అడిగే మనిషి. ఏడు గంటల సీరియల్ అయ్యాక ఎనిమిది దాకా రేపేమవుతుందో చెబుతారు. ఆదివారం పది గంటలకు రాజాం నుంచి మా ఆడపడుచు కొండమ్మ ఫోను చేస్తుందంటే, తొమ్మిదికే ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఇదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మొదటి వారం నేను ఎంత ప్రశాంతంగా ఉన్నానో పైకి చెప్పడం బాగుండదు.

రెండో వారం పాలు పొయ్యి మీద పెట్టి, "అత్తయ్యా, కాస్త చూస్తూ ఉండండి," అని బట్టలు ఆరవేయడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పాలు పొంగి గట్టు మీదుగా కిందికి కారుతున్నాయి. అత్తయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని వాటినే చూస్తున్నారు.

"పొంగినాయమ్మా," అన్నారు ఎంతో ఆప్యాయంగా.

"పొంగుతాయని తెలుసు కదా అత్తయ్యా."

"తెలుసు," అన్నారు. తెలిసినట్టే అన్నారు కూడా.

ఆ సాయంత్రం సీరియల్లో కోడలు విషం కలిపిన పాయసం గిన్నె మామగారి ముందు పెట్టింది. అత్తయ్య టీవీ కట్టేసి లేచారు. ఆ మామగారేమయ్యారోనన్న దిగులుతో నేను వంటింట్లో రెండు గ్లాసులు జారవిడిచాను. ఆదివారం ఫోను పదికి మోగింది. ఫోను ఎక్కడుందో ఆవిడకు తెలియదు. నేను తెచ్చిస్తే నవ్వుతూ మాట్లాడారు. మళ్ళీ ఎప్పుడు చేస్తావని మాత్రం కొండమ్మను అడగలేదు.

బుధవారం నీళ్ళ ట్యాంకరు. క్వార్టర్ల ముందు అది వెనక్కి వస్తోంది, హారను కొడుతోంది. అత్తయ్య తిన్నగా దాని దారిలోకి నడిచారు. చిలకమ్మ పరుగెత్తి చెయ్యి పట్టి లాగింది కాబట్టి సరిపోయింది.

"ఇనపడింది," అన్నారు అత్తయ్య. "ఇటొస్తాదనుకోలేదు."

మా ఆయనకు పాలు, పాయసం, ఫోను, ట్యాంకరు అన్నీ వరసగా చెప్పాను. "నొప్పి కోసం కాచుకోవడం ఒక్కటే పోలేదండీ. కాచుకోవడమే పోయింది. రేపు అనే మాటే ఇంట్లో వినపడటం లేదు."

ఆయన చాలాసేపు ఆలోచించారు. అన్యాయం అనకూడదు, నిజంగానే ఆలోచించారు. "పత్రంలో దానికి గడి లేదు హైమా. మధ్యలో గడి కలిపితే పరీక్ష చెల్లదు. ఇంకో ఆరు వారాలు. అయ్యాక తప్పకుండా చూద్దాం. బయటికి వెళ్ళేటప్పుడు అమ్మ పక్కన ఎవరో ఒకరు ఉంటే సరి."

"ఆరు వారాలా?"

"అమ్మ నిద్రపోతోంది. అది చూడు ముందు."

చూశాను. చూసే, మర్నాడు ఒక పని చేశాను. పెట్టెలోంచి పువ్వు ముక్క తీసి ఇంగువ డబ్బాలో దాచాను. దాని స్థానంలో పెరట్లోని మాచిపత్రి నలిపి పెట్టాను. చిలకమ్మ వచ్చే పూటకు మళ్ళీ ముక్కను పెట్టెలో వేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషిని రక్షిస్తున్నప్పుడు చెప్పాలన్న ఆలోచన రాదు. అదీకాక, ఏమవుతుందో చూడాలన్న కుతూహలం కూడా నాకు లేకపోలేదు.

మొదటి మార్పిడి నాడు చిలకమ్మ పెట్టె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "అక్కా, నాలుగో నంబరు పువ్వు పోపు వాసన వస్తోందేంటి?"

"వంటింట్లో ఉంటుంది కదా."

చిలకమ్మ నా ముఖం వైపు ఒక్క చూపు చూసి, తూకం రాసుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం అత్తయ్య చెయ్యి కడుక్కుంటూ, "రేతిరికేటి కూర?" అన్నారు. నేను గిన్నె అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. సాయంత్రం సీరియల్ పెట్టి, మామగారు పాయసం తిన్నాడా లేదా అని నన్ను నిలదీశారు. ఆదివారం తొమ్మిదికి ఫోను ఒళ్ళో ఉంది.

ఆ పై ఆదివారం కూడా ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు, తొమ్మిదింబావుకు నొప్పి కొట్టింది. ఫోను కింద పడింది. నేను వెళ్ళేసరికి అత్తయ్య మంచం కోడు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. పది గంటలకు కొండమ్మ చేసినప్పుడు మాట్లాడలేకపోయారు. పత్రంలో తొమ్మిదని చెప్పారు. చిలకమ్మ ఇంకోసారి అడిగి ఆ అంకె రాసుకుంది.

అంతా నేను అనుకున్న దానికంటే వేగంగా జరిగింది. డాక్టరమ్మ సోమవారం పొద్దున్నే నాలుగో నంబరును పరీక్షలోంచి ఆపేసి, ముందు రాత్రే నేను పువ్వు ముక్క తిరిగి వేసి ఉంచిన పెట్టె తీసుకుపోయారు. మా ఆయన రెండు రోజులు లెక్కలు వేసి, మంగళవారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుని తినలేదు.

"ముప్పై ఒకటి నిలకడైన వంగడం కాదు," అన్నారు. "అదే పువ్వు, అదే తూకం. ఒకసారి పనిచేసింది, ఇంకోసారి చేయలేదు. కారణం తేలకుండా ఒక్కరికి తిరగబెట్టినా, మొక్కలు, విత్తనాలు అన్నీ కాల్చేయాలని అనుమతి పత్రంలో ఉంది. రేపు పదకొండింటికి జగ్గునాయుడు గారు వస్తున్నారు."

"మిగతా ఎనిమిది మందికీ బాగుంది కదండీ?"

"మా అమ్మ దగ్గర తప్పిన సంగతి దాచిపెట్టి, మిగతావాళ్ళ దగ్గర బాగుందని రాయనా?" గొంతు పెంచలేదు. లేచి చెయ్యి కడుక్కున్నారు.

చెప్పెయ్యాలని నోటి దాకా వచ్చింది. మాట వచ్చేలోపల ఆయన చెప్పులు వేసుకున్నారు. ఆయన నడక వేగం మీద తప్పు వేయడం నాకు అప్పటికి తేలికగా అనిపించింది.

అత్తయ్య గదిలోకి వెళ్ళాను. నొప్పి కాసేపు విడిచినట్టుంది, చెమట తుడుచుకుంటున్నారు.

"మందు కూడా నన్నొగ్గేసినాది కదమ్మా," అన్నారు. "నేనేటి చేసినాను దానికి?"

మంచం అంచున కూర్చున్నాను. ఆవిడకు నచ్చజెప్పాలని, నాకు నేను నచ్చజెప్పుకోవాలని మొదలుపెట్టాను. "ఆ మందు మీద ఉన్నప్పుడు మీరు మీలా లేరు అత్తయ్యా. కూరేమిటని అడగలేదు. కొండమ్మ ఫోను కోసం చూడలేదు. ట్యాంకరు కిందికి వెళ్ళబోయారు."

"తెలుసు."

"తెలుసా?"

"నాకేటి మతిపోనాదనుకున్నావా? అన్నీ తెలుస్తుండేవి. పాలు పొంగినాయి, పోనీ అనిపించేది. అంతే." కుడిపక్క చెయ్యి వేసి మెల్లగా కూర్చున్నారు. "మూడేళ్ళు, హైమా. నిద్దట్లో కూడా దీని కోసమే కాపలా కాసినాను. ఓ నెల్లాళ్ళు ఆ డ్యూటీ దిగినాను. ఎంత సుకమో నీకేటి తెలుస్తాది. సీరియల్ పోనాదని, కొండమ్మ ఫోను పోనాదని నాకూ ఇప్పుడు అనిపిస్తంది. నన్నెవరైనా అడిగితే సెప్పేదాన్ని. ఆదోరం పొద్దున్నా, ఏడింటికీ పెట్టె ముయ్యండి, ఆ కాసేపు నేనోర్సుకుంటాను, మిగతాదంతా తెరిసుంచండీ అని."

"అడగలేదా మిమ్మల్ని?"

"ఆడు కాయితం పట్టుకుని అంకెలడిగినాడు. నువ్వు పాలడిగినావు."

తరవాత నొప్పి మళ్ళీ కొట్టింది. నా మణికట్టు పట్టుకున్నారు. ఎముక విరుగుతుందేమో అనిపించేంత బలం ఆ చేతికి ఎక్కడిదో తెలియదు.

బుధవారం పదకొండింటికి గాజు షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఇనప డ్రమ్ము పెట్టారు. ముప్పై ఒకటి సంతతి మొక్కలు అరవై రెండు, వేళ్ళతో సహా పీకి గోనెపట్టా మీద పేర్చారు. విత్తనాలు ఒక గాజు సీసాలో ఉన్నాయి. గుప్పెడు కూడా ఉండవు. గాలి వీచినప్పుడల్లా మామిడి జీడి, నిమ్మతొక్క, మిరియం, వాటి వెనకాల ఆ నాలుగోది వచ్చి వెళుతున్నాయి. అత్తయ్య తనూ వస్తానన్నారు. కుర్చీ తెచ్చి వేశాం. మూడేళ్ళ నుంచి కావలసిన వాసన అలా కాలిపోతుంటే చూడ్డానికి ఎందుకని అడిగితే, "ఆకరుసారి పీలుసుకోనీ," అన్నారు.

జగ్గునాయుడు గారు మొక్కలు రెండుసార్లు లెక్కపెట్టి ఫారం తీశారు. మంచి మనిషి, ఇటువంటి పని ఆయనకూ ఇష్టం లేదని ముఖం చెబుతోంది. "కారణం గడిలో ఏం రాయమంటారు డాక్టరు గారూ?"

"వంగడం నిలకడగా లేదు అని రాయండి," అన్నారు మా ఆయన. సీసా ఆయన చేతిలోనే ఉంది. ఇంకా ఇవ్వలేదు. పదమూడేళ్ళ పని అది. బొటనవేలితో మూత మీద అంకె తుడుస్తూ నిలబడ్డారు.

చిలకమ్మ నా వైపు చూసింది. తువ్వాలు కట్టి పదిసార్లు పరీక్షించిన పిల్లకు పోపు వాసనకు అర్థం తెలియదని నేనెలా అనుకున్నానో.

"ఆ మాట రాయకండి నాయుడు గారూ," అన్నాను.

కలం ఆగింది. మా ఆయన తల ఎత్తారు.

"మొక్కలో తేడా ఏమీ లేదు. ఆ పది రోజులూ నాలుగో నంబరు పెట్టెలో ఉన్నది మాచిపత్రి. పువ్వు తీసేసి నేను పెట్టాను."

 మా ఆయన చేతిలో సీసా అలాగే ఉంది. "ఎందుకు?" అన్నారు చివరికి. కోపం లేదు ఆ మాటలో. యంత్రం గీతలో కొత్త ముల్లు లేచిన నాడు కూడా ఇలాగే అడిగారు.

జవాబులు చాలానే తయారుచేసుకున్నాను. ఆవిడ మేలు కోరి చేశాను. మీరు వినలేదు కాబట్టి చేశాను. మీ పత్రంలో గడి లేదు కాబట్టి చేశాను. అన్నీ నిజాలే. అన్నిటినీ నాలుక మీద పేర్చుకుని అత్తయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని, వచ్చేదాని కోసం కాచుకుని, నన్నే చూస్తున్నారు. 

"తప్పు చేశాను అత్తయ్యా," అన్నాను, అందరికీ వినపడేలా. "మిమ్మల్ని అడగాల్సింది."